ఎదురీత

కొండలలో పుట్టి, పల్లానికి పరుగెత్తి, సముద్రంలో కలవడం నదికి సహజధర్మం. కెనడా దేశపు పడమటి అంచున ప్రవహించే ఫ్రేజర్ నది కూడా ఆ ధర్మాన్నే పాటిస్తుంది. అయితే ఏటా వేసవి ముదిరే వేళకు ఆ నదిలో మరొక ప్రవాహం కూడా కనిపిస్తుంది. అది కిందినుంచి పైకి సాగే ప్రవాహం. సముద్రంలో పెరిగి పెద్దవైన సాల్మన్ చేపలు లక్షల సంఖ్యలో నదీముఖాన్ని చేరి, నీటివాలుకు ఎదురీది, వందల కిలోమీటర్ల దూరాన తాము పుట్టిన ఏటి గులకరాళ్లను వెదుక్కుంటూ పోతాయి. నీరు సముద్రానికి, చేప కొండకు. ఈ రెండు ప్రయాణాలకూ దారి ఒక్కటే. ఫ్రేజర్ నది చరిత్ర ఒక విధంగా ఈ దారి చరిత్రయే. దానిని నమ్ముకొని బతికినవారు కొందరు; దానికోసం ప్రాణాలకు తెగించినవారు కొందరు; తొందరపాటుతో దానిని మూసినవారు కొందరు; ఓర్పుతో తిరిగి తెరిచినవారు మరికొందరు.

కెనడాలో పసిఫిక్ మహాసముద్రాన్ని ఆనుకొని ఉన్న రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా. ఆ రాష్ట్రంలోని నదులలో మిక్కిలి పొడవైనది ఫ్రేజర్. దీని పొడవు 1,375 కిలోమీటర్లు. రాకీ పర్వతశ్రేణిలో, ఫ్రేజర్ కనుమ దగ్గర ఒక చిన్న సెలయేరుగా ఇది జన్మిస్తుంది. కెనడా భాగంలోని రాకీ పర్వతాలలో అత్యున్నత శిఖరమైన మౌంట్ రాబ్సన్ ఆ పరిసరాలలోనే ఉంది. 3,954 మీటర్ల ఎత్తున మంచు కప్పుకొని నిలిచిన ఆ శిఖరం నీడలో నది మొదట వాయవ్య దిశగా సాగుతుంది. ప్రిన్స్ జార్జ్ అనే పట్టణం దగ్గర పడమటినుంచి వచ్చే నెచాకో నదిని కలుపుకొని దక్షిణానికి మళ్లుతుంది. అక్కడినుంచి క్వెనెల్, చిల్కోటిన్ మొదలైన ఉపనదులు ఒక్కొక్కటే వచ్చి చేరుతాయి. లిట్టన్ అనే ఊరివద్ద థాంప్సన్ నది కలుస్తుంది. థాంప్సన్ నీరు తేటగా, నీలంగా ఉంటుంది. ఫ్రేజర్ నీరు ఒండ్రుతో బూడిదవన్నెలో ఉంటుంది. కలిసిన తరువాత కూడా కొంతదూరం ఆ రెండు రంగులు పక్కపక్కనే నడుస్తాయి.

లిట్టన్ దిగువన నది స్వభావం మారిపోతుంది. ఒక పక్క కోస్తా పర్వతాలు, మరొక పక్క కాస్కేడ్ పర్వతాలు దానిని ఇరుకున పెడతాయి. అంతవరకు విశాలంగా వచ్చిన జలరాశి లోతైన రాతి లోయలో చిక్కి ఘోషిస్తుంది. ఆ లోయలో అన్నిటికంటె ఇరుకైన చోటికి హెల్స్ గేట్ అని పేరు. ఆ మాటకు నరకద్వారం అని అర్థం. అక్కడ గట్టుకు గట్టుకు మధ్య దూరం సుమారు 35 మీటర్లు మాత్రమే. రాష్ట్ర విస్తీర్ణంలో దాదాపు నాలుగోవంతు భూమిపై కురిసిన వాన, కరిగిన మంచు ఆ సందులోనుంచే పోవాలి. హోప్ అనే ఊరు దాటగానే కొండలు తొలగుతాయి. నది పడమరకు తిరిగి, సుమారు 150 కిలోమీటర్ల మేర సారవంతమైన మైదానంలో నెమ్మదిగా ప్రవహించి, వాంకూవర్ నగరానికి దక్షిణాన సముద్రంలో కలుస్తుంది. ఏటా సుమారు రెండుకోట్ల టన్నుల ఒండ్రును మోసుకువచ్చి తన ముఖద్వారంలో పోస్తుంది. నేడు రిచ్‌మండ్ నగరం నిలిచిన నేల, వాంకూవర్ విమానాశ్రయం ఉన్న దీవి, ఇవన్నీ మంచుయుగం ముగిసిన తరువాత ఈ నది తెచ్చి పరచిన మట్టియే.

ఆ నదికి జీవం సాల్మన్ చేప. గోదావరికి వరదనీరు వచ్చినప్పుడు సముద్రం విడిచి ఎదురీది వచ్చే పులసను ఎరిగిన తెలుగువారికి ఈ చేప నడవడిని ఊహించుకోవడం కష్టం కాదు. సాల్మన్ జాతులలో సాకై అనే దాని కథ మరింత విచిత్రమైనది. శరత్కాలంలో ఆడచేప ఏటి అడుగున గులకరాళ్లను తోకతో తొలగించి, గుంట చేసి, అందులో వేలకొద్ది గుడ్లు పెడుతుంది. గుడ్లు చలికాలమంతా మంచుగడ్డల కింద పారే నీటిలో భద్రంగా ఉంటాయి. వసంతంలో రాళ్ల సందులనుంచి వెలువడిన పిల్లలు దాపున ఉన్న సరస్సును చేరి, ప్రాయికంగా ఒక సంవత్సరం అక్కడ పెరిగి, ఆపైన నదివెంట సముద్రానికి పోతాయి. రెండేళ్లు మహాసముద్రంలో తిరిగి, నాలుగో ఏట మళ్లీ నదీముఖానికి వస్తాయి. తమ ఏటి నీటి వాసనయే వాటికి దారి చూపుతుందని శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. మంచినీటిలో ప్రవేశించిన క్షణంనుంచి అవి ఆహారం ముట్టవు. ఒంట్లో దాచుకొన్న కొవ్వే వాటికి దారిబత్తెం. కొన్ని గుంపులు వెయ్యి కిలోమీటర్లకు పైగా ఈదుతాయి. గమ్యం చేరేసరికి వెండివన్నె శరీరం ఎర్రబారి, తల ఆకుపచ్చగా మారుతుంది. గుడ్లు పెట్టిన కొద్దిరోజులకే అవి మరణిస్తాయి. వాటి కళేబరాలు ఎలుగుబంట్లకు, గద్దలకు ఆహారమై, మిగిలినవి నీటికి, ఒడ్డున ఉన్న చెట్లకు ఎరువై, పుట్టబోయే పిల్లలకు పరోక్షంగా పోషణ కల్పిస్తాయి.

ఈ రాకపోకల లెక్క తెలిసి బతికినవారు ఆ తీరాల ఆదిమవాసులు. నది దిగువ భాగంలో నివసించే జనులు తమను స్టోలో అని చెప్పుకొంటారు. వారి భాషలో ఆ మాటకు నది అని అర్థం. నదికీ, తమకూ వేరు వేరు పేర్లు ఉండాలని వారు భావించలేదు. లోయ భాగంలో న్లకాపముక్ అనే జాతివారు ఉన్నారు. ఈ జనులందరూ వేల సంవత్సరాలుగా రాతిగట్లపై నిలిచి, పొడవాటి కర్రలకు కట్టిన వలలతో చేపలు పట్టేవారు. వేసవిలో లోయగుండా వీచే వేడిగాలికి వాటిని కొయ్యపందిళ్లపై ఆరబెట్టి, చలికాలానికి నిలువ చేసుకొనేవారు. ఏ కుటుంబం ఏ బండపై నిలిచి చేప పట్టాలో తరతరాలుగా వచ్చిన కట్టుబాటు ఉండేది. ఏడాదిలో మొదట దొరికిన సాల్మన్‌ను అందరూ కలిసి ప్రసాదంవలె పంచుకొని, దాని ఎముకలను భక్తితో నదికే తిరిగి సమర్పించే ఆచారం ఈ తీరాలలో ఉంది. వచ్చిన అతిథిని గౌరవించి పంపితేనే మళ్లీ వస్తాడన్న భావం అందులో ఇమిడి ఉంది.

ఐరోపా జాతీయులు ఈ నదిని చేరినది బొచ్చుతోళ్ల వ్యాపారం కోసం. 1793లో అలెగ్జాండర్ మెకెంజీ నది ఎగువ భాగంలో కొంతదూరం ప్రయాణించి, ముందుకు పోవడం ప్రమాదమని తెలిసి, మెట్టదారిన సముద్రాన్ని చేరాడు. ఆ తరువాత పదిహేనేళ్లకు, నార్త్ వెస్ట్ కంపెనీ ఉద్యోగి సైమన్ ఫ్రేజర్ నదిని చివరిదాకా చూడాలని సంకల్పించాడు. ఆయన దానిని కొలంబియా నది అనుకొన్నాడు. 1808 మే 28వ తేదీన నాలుగు పడవలతో, ఇరవైమందికి పైగా అనుచరులతో బయలుదేరాడు. లోయలో పడవలు పనికిరాలేదు. నిట్టనిలువు కొండచరియలపై ఆదిమవాసులు తాళ్లతో, కర్రలతో కట్టుకొన్న నిచ్చెనలు ఉండేవి. కింద నది గర్జిస్తూ ఉండగా, గాలికి ఊగే ఆ నిచ్చెనలమీదుగా వారందరూ నడిచారు. స్థానికులు ముందు నడచి దారి చూపకపోయినా, ఆహారం పెట్టకపోయినా ఆ బృందం ప్రాణాలతో బయటపడేది కాదు. జూలై 2వ తేదీన నదీముఖం చేరి ఫ్రేజర్ అక్షాంశాన్ని గణించాడు. అది సుమారు 49 డిగ్రీలు. కొలంబియా నది సముద్రంలో కలిసేది 46 డిగ్రీల దగ్గర. తాను వచ్చినది వేరొక నదివెంట అని ఆయనకు అప్పుడు బోధపడింది. ముఖద్వారంలోని ప్రజలు ఈ కొత్తవారిని అనుమానించి ఎదిరించడంతో, సముద్రాన్ని తనివితీరా చూడకుండానే వెనుదిరిగాడు.

వ్యాపారపు దృష్టితో చూస్తే ఆ యాత్ర విఫలమైనట్లే. సరుకులు మోయడానికి ఆ నది పనికిరాదని తేలింది. అయినా ఆయన పేరే నదికి స్థిరపడింది. ఆ పేరు పెట్టినవాడు ఆయన సహోద్యోగి, భూగోళ పరిశోధకుడు డేవిడ్ థాంప్సన్. ఫ్రేజర్ తాను చూసిన ఉపనదికి థాంప్సన్ పేరు పెట్టగా, థాంప్సన్ ప్రధాన నదికి ఫ్రేజర్ పేరు పెట్టాడు. అప్పటికే ఆ నీళ్లకు వేల ఏళ్లనాటి పేర్లు ఉన్నాయన్న సంగతి ఆ ఇద్దరి పటాలలోనూ చోటు చేసుకోలేదు.

అర్ధశతాబ్దం గడిచింది. 1858లో నది ఇసుకతిన్నెలలో బంగారం ఉన్నదన్న వార్త కాలిఫోర్నియాకు చేరింది. కొద్దినెలలలోనే సుమారు ముప్పైవేలమంది అక్కడికి వచ్చిపడ్డారు. ఆదిమవాసులు చేపలు పట్టే బండలపైనే వారు డేరాలు వేశారు. గుడ్లు పెట్టే గులకరాళ్లనే బంగారు రేణువులకోసం తవ్విపోశారు. ఘర్షణలు చెలరేగాయి, ఇరువైపులా ప్రాణాలు పోయాయి, గ్రామాలు తగులబడ్డాయి. ఇంకా పెద్ద యుద్ధం సంభవించనున్న తరుణంలో న్లకాపముక్ నాయకుడు స్పింట్లమ్ లిట్టన్ దగ్గర సంధికి అంగీకరించి రక్తపాతాన్ని నివారించాడు. అదే సంవత్సరం నవంబరు 19వ తేదీన, నదీతీరంలోని ఫోర్ట్ లాంగ్లీలో బ్రిటిష్ కొలంబియా ఒక కొత్త వలసరాజ్యంగా ప్రకటింపబడింది. బంగారం కొద్దికాలంలోనే తరిగిపోయింది. వచ్చిన అధికారం మాత్రం నిలిచింది.

బంగారం తరువాత రైలు వచ్చింది. దేశాన్ని తూర్పు పడమరలుగా కలిపే కెనడియన్ పసిఫిక్ రైలుమార్గం ఫ్రేజర్ లోయగుండానే పోవాలని నిర్ణయమైంది. 1880నుంచి 1885 వరకు కొండలను పగులగొట్టి, సొరంగాలు తొలిచి, లోయలపై వంతెనలు నిర్మించారు. ఆ పనిలో మిక్కిలి ప్రమాదకరమైన భాగం చైనానుంచి వచ్చిన కూలీల వంతు అయింది. సుమారు 15,000 మంది చైనీయులు పనిచేశారు. పేలుళ్లలో, రాళ్లు విరిగిపడి, చలికి, వ్యాధులకు కనీసం 600 మంది మరణించి ఉంటారని అంచనా. వారికి తెల్లకూలీలకంటె తక్కువ వేతనం ఇచ్చారు. రైలుమార్గం పూర్తి అయిన 1885లోనే కొత్తగా వచ్చే ప్రతి చైనీయునిపై 50 డాలర్ల పన్ను విధించారు. 1903 నాటికి అది 500 డాలర్లయింది. 1923లో వారి రాక పూర్తిగా నిషేధింపబడినంత పని అయింది. దారి వేసినవారికే ఆ దేశపు తలుపులు మూసుకొనిపోయాయి. ఆ చట్టం 1947లో రద్దయినా, కెనడా ప్రభుత్వం క్షమాపణ చెప్పినది 2006లో మాత్రమే.

మొదటి రైలుమార్గం నదికి ఒక గట్టున ఉండగా, పోటీ కంపెనీ ఒకటి రెండవ గట్టున మరొక మార్గం వేయ పూనుకొన్నది. పనివారు కొండను పేల్చి ఆ రాళ్లను నదిలోకే తోశారు. వాటిని వేరేచోటికి మోయడానికి సమయం, ధనం ఖర్చవుతాయి. నది దగ్గరగా ఉంది. 1913 సంవత్సరం సాకై సాల్మన్‌కు పెద్ద ఏడు. నాలుగేళ్లకొకసారి అపారంగా వచ్చే ఆ జాతి ఆ సంవత్సరం సుమారు 3 కోట్ల 80 లక్షల సంఖ్యలో వచ్చిందని అంచనా. సముద్రంలోను, నదీముఖంలోను పడవలవారు పట్టగా మిగిలిన చేపలు లోయలోకి ఎగబాకి, హెల్స్ గేట్ దగ్గర నిలిచిపోయాయి. నదిలో పడిన రాళ్లవల్ల అసలే ఇరుకైన దారి మరింత ఇరుకై, నీటివేగం చేప ఈదలేనంతగా పెరిగింది. 1914 ఫిబ్రవరిలో, తొలిచిన కొండచరియ ఒకటి విరిగి నదిలో కూలడంతో విపత్తు సంపూర్ణమైంది. గట్టు పొడవునా నీటి మడుగులలో చేపలు కిక్కిరిసి, ఎగిరి, బండలకు కొట్టుకొని, అలసి, గుడ్లు కడుపులోనే ఉండగా మరణించాయి. ఆదిమవాసులు వలలతో, బుట్టలతో చేపలను ఎత్తి అడ్డంకికి ఎగువన వదలడానికి పాటుపడ్డారు. చేతితో ఎత్తగలిగిన చేపలెన్ని, కోట్ల లెక్కలో వచ్చినవెన్ని!

నాలుగేళ్ల తరువాత, 1917లో, 1913నాటి చేపల సంతానం రావలసిన సమయానికి నది దాదాపు వెలవెలబోయింది. చేపల డబ్బాలు తయారుచేసే కర్మాగారాలు దెబ్బతిన్నాయి. కాని అన్నిటికంటె పెద్ద దెబ్బ లోయలో ఉన్న ఆదిమవాసులకు తగిలింది. వారికి సాల్మన్ వ్యాపారపు సరుకు కాదు, చలికాలపు కూడు. పైగా చేపల సంతతిని కాపాడాలన్న పేరుతో అధికారులు వారి చేపల వేటపైనే ఆంక్షలు విధించారు. కొండ పేల్చినవారు ఒకరు, పస్తులున్నవారు మరొకరు. ఆ కాలపు దస్తావేజులలో నష్టం డబ్బాల లెక్కలో కనిపిస్తుంది. ఎండబెట్టే పందిళ్లు ఎన్ని ఖాళీగా నిలిచాయో వాటిలో అంత వివరంగా కనిపించదు.

ప్రభుత్వం రాళ్లను కొంతవరకు తొలగించి, నది బాగుపడిందని ప్రకటించింది. పైకి చూసినవారికి ప్రవాహం మామూలుగానే కనిపించింది. లోపలి గాయం మాత్రం మానలేదు. సముద్రంలో ఈ చేపలను అమెరికా, కెనడా దేశాలవారు ఇద్దరూ పట్టేవారు. కనుక ఏ ఒక్కరూ తామే ముందుగా తగ్గడానికి ఇష్టపడలేదు. చాలా ఏళ్ల చర్చల తరువాత 1937లో ఆ రెండు దేశాల మధ్య ఒడంబడిక అమలులోకి వచ్చి, ఉమ్మడి సంఘం ఒకటి ఏర్పడింది. శాస్త్రజ్ఞులు లోయలో మకాం వేసి, వేలాది చేపలకు చిన్న బిళ్లలు తగిలించి వదిలి, ఏ చేప ఎప్పుడు ఎక్కడికి చేరిందో ఏళ్లతరబడి లెక్క చూశారు. నీటిమట్టం కొన్ని ఎత్తుల మధ్య ఉన్నప్పుడు హెల్స్ గేట్ దాదాపు మూసిన తలుపువంటిదేనని తేలింది. చేప రోజుల తరబడి అక్కడే పోరాడి, శక్తి ఉడిగి వెనుకకు కొట్టుకొనిపోతున్నది.

రోగం తెలిసిన తరువాత మందు వెదకడం సులభమైంది. గట్టువెంట కాంక్రీటుతో చేపలదారులు కట్టాలని నిశ్చయించారు. ఆ నిర్మాణం వెనుక ఉన్న సూత్రం సామాన్యమైనది. గోడలకు మధ్య నిలువు సందులు వదిలి, నీరు ఒక అరనుంచి మరొక అరకు మెల్లగా జారేట్లు చేస్తారు. చేప ఒక సందు దాటి, పక్క అరలో కొంతసేపు సేదదీరి, మళ్లీ ముందుకు పోతుంది. నదిని ఎదిరించడం కాదు, నదిలోనే చేపకు విరామస్థలం కల్పించడం ఇందులోని తెలివి. 1944లో పని మొదలై 1946 నాటికి రెండు గట్లమీదా మొదటి చేపలదారులు సిద్ధమయ్యాయి. తరువాతి కాలంలో మరికొన్నిటిని చేర్చారు. దశాబ్దాలు గడిచేకొద్దీ చేపల సంఖ్య క్రమంగా పెరిగింది. కాని 1913నాటి వైభవం ఆ ఏడు సాకై వరుసకు తిరిగి రాలేదు. కూలడానికి కొన్ని క్షణాలు పట్టిన చరియ చేసిన గాయానికి చికిత్స మొదలుపెట్టడానికే ముప్పై ఏళ్లు పట్టింది.

ఆ అనుభవం మరొక ప్రమాదాన్ని ఆపడానికి ఉపకరించింది. 1950లలో విద్యుత్తుకోసం ప్రధాన నదికి అడ్డంగా మోరన్ అనే చోట 200 మీటర్లకు మించిన ఆనకట్ట కట్టాలన్న ప్రతిపాదన బలపడింది. అది పూర్తయి ఉంటే ఎగువకు పోయే సాల్మన్ జాతులన్నీ నశించేవి. చేప కావాలా, విద్యుత్తు కావాలా అన్న వాదం ఇరవై ఏళ్లు సాగింది. చివరకు ఆ ఆనకట్ట కట్టలేదు. నేటికీ ఫ్రేజర్ ప్రధాన ప్రవాహంపై ఒక్క ఆనకట్ట కూడా లేదు. అయితే ఈ విజయానికి మూల్యం లేకపోలేదు. రాష్ట్రానికి కావలసిన విద్యుత్తును పీస్, కొలంబియా నదులు ఆనకట్టల రూపంలో భరించాయి. ఫ్రేజర్ ఉపనది నెచాకోను సైతం 1952లో కెన్నీ ఆనకట్టతో నిలిపి, అల్యూమినియం పరిశ్రమకోసం నీటిని పడమటి వైపునకు మళ్లించారు. అక్కడి చెస్లాటా ప్రజలు తమ గ్రామాలను, పెద్దల సమాధులను విడిచి హడావుడిగా తరలిపోవలసివచ్చింది. ఒక నదిని కాపాడుకొన్న సంతోషంలో మరొక నది దుఃఖాన్ని మరువకూడదు.

నది దిగువ మైదానంలో భారతీయుల చరిత్ర కూడా కొంత ఉంది. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభంలో పంజాబునుంచి వెళ్లిన సిక్కులు ఫ్రేజర్ మైదానంలోని కలప మిల్లులలో కూలీలుగా చేరారు. అబట్స్‌ఫర్డ్‌లో వారు మిల్లునుంచి దూలాలను భుజాలపై మోసుకువచ్చి 1911లో గురుద్వారా నిర్మించుకొన్నారు. అది 2002లో కెనడా జాతీయ చారిత్రక స్థలంగా గుర్తింపు పొందింది. హెల్స్ గేట్ దగ్గర చేపల దారి మూసుకొనిపోయిన 1914లోనే, 376 మంది ప్రయాణికులతో వచ్చిన కొమగాటా మారు అనే ఓడను వాంకూవర్ రేవులో రెండు నెలలు నిలిపి, కొద్దిమందిని తప్ప తక్కినవారిని దిగనీయక వెనుకకు పంపారు. దానికి కెనడా ప్రధాని పార్లమెంటులో క్షమాపణ చెప్పినది 2016లో. నదిలోనైనా, చట్టంలోనైనా మూసిన దారిని తెరవడానికి మనుషులకు చాలా కాలమే పడుతుంది.

నది ఓర్పు గలదే కాని మరుపు గలది కాదు. అబట్స్‌ఫర్డ్ దాపున పూర్వం సుమాస్ అనే విశాలమైన సరస్సు ఉండేది. అక్కడి ఆదిమవాసులకు అది చేపల కొట్టు, పక్షుల నెలవు. 1924 నాటికి దానిని పూర్తిగా తోడి, ఎండగట్టి, వ్యవసాయభూమిగా మార్చారు. దాదాపు వందేళ్లు అక్కడ పంటలు పండాయి, పాడి సాగింది. 2021 నవంబరులో కుంభవృష్టి కురిసి కరకట్ట తెగినప్పుడు నీరు సరిగా ఆ పాత సరస్సు స్థలాన్నే వెదుక్కుంటూ వచ్చి నిలిచింది. అదే సంవత్సరం జూన్ 29వ తేదీన, రెండు నదుల సంగమమైన లిట్టన్‌లో 49.6 డిగ్రీల ఉష్ణోగ్రత నమోదైంది. కెనడాలో అంతకుముందు ఎన్నడూ అంత వేడి లేదు. మరునాడు చెలరేగిన మంటలకు ఆ ఊరు చాలావరకు కాలిపోయింది. స్పింట్లమ్ సంధి చేసిన ఆ నేలపై ఒకే ఏడాదిలో నిప్పు, దిగువ మైదానంలో నీరు!

చేపలకు కూడా ఈ వేడి శత్రువు. నీరు 18 డిగ్రీల ప్రాంతం దాటితే వాటి ఈతశక్తి సన్నగిల్లడం మొదలవుతుంది. 2009లో కోటికిపైగా వస్తాయనుకొన్న సాకై చేపలు సుమారు 15 లక్షలే రావడంతో ప్రభుత్వం న్యాయమూర్తి బ్రూస్ కోహెన్ అధ్యక్షతన విచారణ సంఘాన్ని నియమించింది. విచిత్రంగా మరుసటి ఏడే దాదాపు మూడుకోట్లు వచ్చాయి. 2012లో ఆ సంఘం ఏ ఒక్క కారణాన్నీ దోషిగా నిలపలేకపోయింది. 75 సిఫార్సులు మాత్రం చేసింది. 2020లో వచ్చిన చేపలు మూడు లక్షలు కూడా లేవు. దానికి ముందు, 2019 జూన్‌లో, లిల్లూయెట్‌కు ఎగువన బిగ్ బార్ అనే చోట కొండచరియ విరిగి నదిలో పడిన సంగతి బయటపడింది. ఐదు మీటర్ల ఎత్తున కొత్త జలపాతం ఏర్పడింది.

అయితే ఈసారి కథ 1914వలె సాగలేదు. వార్త తెలిసిన కొద్దిరోజులలోనే కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాలు, ఆదిమజాతుల ప్రతినిధులు ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. కొండచరియలపై తాళ్లకు వేలాడుతూ పనివారు బండలను పగులగొట్టారు. పట్టిన చేపలను నీటితొట్లలో ఉంచి హెలికాప్టర్లతో ఎగువకు చేర్చారు. ఆ వేసవిలో ఆ విధంగా సుమారు 60,000 చేపలు అడ్డంకిని దాటాయి. తరువాత గాలి ఒత్తిడితో చేపలను గొట్టాలద్వారా పైకి పంపే యంత్రాలను అమర్చారు. 2024 వేసవిలో చిల్కోటిన్ నదిని మరొక చరియ కొద్దిరోజులు పూర్తిగా నిలిపివేసినప్పుడు కూడా వెంటనే అందరి దృష్టీ చేపల దారిమీదనే నిలిచింది. వందేళ్ల కిందట బుట్టలతో చేపలను మోసిన ఆదిమవాసుల చింత ఇప్పుడు ప్రభుత్వాల చింత అయింది. ఆ మార్పు చిన్నది కాదు.

నేడు హెల్స్ గేట్ దగ్గర నిలిచి చూసినవారికి రెండు గట్లమీదా రెండు రైలుమార్గాలు కనిపిస్తాయి. వాటి కింద, నీటి అంచున, చేపలదారుల కాంక్రీటు గోడలు కనిపిస్తాయి. పైన మనిషి తొందర, కింద ఆ తొందరకు మనిషి చెల్లించుకొంటున్న ప్రాయశ్చిత్తం. వాటి నడుమ ఒక సాల్మన్, రోజుల తరబడి ఆహారం ముట్టనిది, సందులో తల దూర్చి, అరలో క్షణకాలం ఆగి, మళ్లీ ముందుకు ఈదుతుంది. ఆ గోడలు ఎవరు కట్టారో దానికి తెలియదు. తెలియవలసిన పని కూడా లేదు. దానికి కావలసినది దారి ఒక్కటే. దానిని మూయకుండా చూడడం, మూసినచోట తెరవడం మనిషి పని. ఆ పని ఎన్నటికీ పూర్తి అయ్యేది కాదు. ఏటా వేసవిలో చేప తిరిగి వచ్చినప్పుడల్లా అది మళ్లీ మొదలవుతుంది.